మూడో అడ్రసు తాళంచెవి

నవంబరు 3, సోమవారం

నాకు మూడు మెయిల్ అడ్రసులు, మూడు తాళాలు, మూడు తాళంచెవులు. గొప్ప కోసం రాసుకోవడం లేదు. సరే, గొప్ప కోసమే. తాళం నాకు రాసేవాళ్ళకి ఇస్తాను, వాళ్ళు దాన్ని మెయిలుకి వేసి పంపుతారు, తెరిచే చెవి మాత్రం నా దగ్గరే.

మొదటిది కాలేజీది. పరీక్షల ప్రశ్నపత్రాలు బ్రాంచీలకి వెళ్ళేది దాన్నించే. రెండోది ఇంటిది. గ్యాస్ బుకింగూ, కరెంటు బిల్లూ, మామ్మ దగ్గర వయొలిన్ నేర్చుకునే పిల్లలు పంపే రికార్డింగులూ అన్నీ అందులోకే. నాన్న చూస్తాడు, మామ్మ చూస్తుంది, మా గుమ్మం తొక్కిన ప్రతివాళ్ళూ చూస్తారు. మూడోది టెస్టులకి. నరసన్నపేట బ్రాంచిలో పరీక్షల ఇన్‌ఛార్జి తిరుమలరావు గారూ నేనూ తాళాలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకోవడానికి పెట్టుకున్నది. ప్రశ్నపత్రం బయటికి పొక్కితే మాట పడేది మేమే కదా. జూన్‌లో నేను స్టాఫ్‌కి ఈ తాళాల ట్రైనింగ్ ఇచ్చినప్పటినుంచి చూసుకుంటూనే ఉన్నాం.

ఇవాళ ఆయన దగ్గర్నించి టెస్ట్ 58 వచ్చింది. తాళం బాగా పనిచేస్తోంది. వాళ్ళ చేలో వరి కంకులు వంగాయట. వాళ్ళమ్మ జగ్గమ్మ గారు పిచ్చుకల్ని తిడుతుంటే అవి కూడా తిరిగి తిడుతున్నాయట, ఎవరూ తగ్గడం లేదట. నేను ఒకటిన్నర పేజీ జవాబు రాశాను. టెస్ట్ అన్నాక క్షుణ్ణంగా చెయ్యాలి.

నవంబరు 4

పరీక్షల గదిలో నా పక్క బల్ల విశాలిది. లెక్కలు చెబుతుంది, అక్కర్లేని లెక్కలన్నీ వేస్తుంది.

"ఒసే చరితా, అయిదు నెలలైపోనాది. ఇంకా ఏటే టెస్టులు? తాళం ఒకసారి పడితే పడ్డట్టే గదా?"

"నిలకడగా పడుతోందా అని చూడాలి."

"అయితే నాకూ ఒక టెస్టు పంపించు, సూద్దాం."

"నీకెందుకు?" అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను. విశాలి పెన్ను మూత పెట్టి, నా మొహంలోకి చూసి, మళ్ళీ మూత తీసింది. ఏమీ అనలేదు. దానికి ఏమీ అనకపోవడం చేతకాదు, అందుకే అనుమానంగా ఉంది.

నవంబరు 5

మామ్మ అడిగింది, "ఏవిటే, రోజూ సాయంత్రం ఆరయ్యేసరికి మోహన రాగం ఎత్తుకుంటున్నావు? దీపాలవేళ మంచిదే గానీ, రెండో ఆవృత్తంలో ఎందుకే నవ్వుతున్నావు?"

నవ్వడం లేదన్నాను. మామ్మ చిన్నప్పుడు నేర్పిన చిట్టస్వరమే నా పాస్‌వర్డు. స్వరాల్ని అక్షరాలుగా కొట్టడమే, మర్చిపోయే ప్రమాదం లేదు. పాడకుండా కొట్టడం మాత్రం నాకు రాదు. వయొలిన్ జ్ఞానాంబ గారి మనవరాలికి ఇంకేం వస్తుంది! అయినా పాస్‌వర్డు తెలిస్తే ఏమవుతుంది? తాళంచెవి నా లాప్‌టాప్‌లో ఉంది. అది లేకుండా మోహనం పాడినా ఒకటే, భైరవి పాడినా ఒకటే.

నవంబరు 7, శుక్రవారం

టెస్ట్ 60.

సాయంత్రం చేను గట్టు మీద కూర్చున్నారట. ఎండ ఏటవాలుగా పడి చేనంతా పసుపు కలిపిన నీళ్ళలా ఉందట. "మీరు పక్కన ఉండి చూస్తే బాగుండుననిపించింది. తాళం పడుతోందో లేదో తెలియజేయగలరు" అని రాశారు.

పడుతోంది. నాకు కుర్చీలో కూర్చోవడమే పడటం లేదు.

పదకొండుసార్లు చదివాను. పన్నెండోసారి చదువుతుండగా ప్రిన్సిపాల్ గారు వచ్చి నా వెనక నిలబడి సీటింగ్ ప్లాన్ అడిగారు. కంగారులో "అందింది. ధన్యవాదాలు" అని కొట్టి పంపేశాను. ఇదీ నా జవాబు! ఫరవాలేదు, అసలు జవాబు తీరిగ్గా రాస్తాను.

నవంబరు 8, శనివారం

అలాంటి మాటకి జవాబు పాత తాళాల గుత్తిలోంచి రాస్తానా? మంచి పనికి ముందు ఇల్లు కడుక్కోమంటారు. పొద్దున్నే లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాను. మూడు అడ్రసులకీ కలిపి ఒక్కటే కొత్త తాళం, ఒక్కటే తాళంచెవి. దాని మీద మూడు పేర్లూ వరసగా. పాత తాళంచెవులు మూడూ తీసేశాను. "వాడని తాళంచెవి ఇంట్లో ఉంచుకోకూడదు" అని క్లాసులో చెప్పేది నేనే. నిజంగా తీసెయ్యాలా అని కంప్యూటర్ రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ పాడుకుంటూ ఔనన్నాను.

ఎంత శుభ్రంగా ఉందో! మధ్యాహ్నం రెండు గరిటెలు పప్పు ఎక్కువ తిన్నాను.

నవంబరు 9

జవాబు నాలుగు రకాలుగా రాశాను. నాలుగూ బాగాలేవు. మొదటిది మరీ టెస్టులా ఉంది. నాలుగోది అసలు టెస్టులా లేదు.

నవంబరు 10, సోమవారం

కొత్త తాళాన్ని మా క్యాంపస్ స్టాఫ్ ముప్పైమందికీ పంపాను. పది నిమిషాల్లో విశాలి తన కుర్చీ లాక్కుని వచ్చేసింది.

"ఈ తాళం మీద మూడు పేర్లున్నాయేటే? కాలేజీది తెలుసు, ఇంటిది తెలుసు. ఈ మూడోదేటి, చరిత డాట్ నరసన్నపేట?"

నాకు చెమట పట్టింది. మూడు అడ్రసుల్నీ ఒక్క తాళం మీద కలిపితే, ఆ తాళం ఎవరికిచ్చినా మూడు పేర్లూ చదువుకుంటారు. అదీ నేను క్లాసులో చెప్పేదే. చెప్పేటందుకే నీతులు.

"టెస్టులు అక్కడికి వెళ్తాయి కనక ఆ పేరు పెట్టాను."

"విజయనగరం పిల్లవి, ఇంటి పేరుకి నరసన్నపేట తగిలించీసుకున్నావు!" అని ఇంత నవ్వు నవ్వింది.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారు పిలిచి, చాలా జాలిగా, "నరసన్నపేటకి ట్రాన్స్‌ఫర్ కావాలా అమ్మా?" అని అడిగారు. వద్దన్నాను. వద్దని ఎందుకన్నానో బయటికి వచ్చాక ఆలోచించాను.

నవంబరు 11

టెస్ట్ 61 వచ్చింది. తెరుచుకోలేదు.

సబ్జెక్టు లైనుకి తాళం పడదు కాబట్టి అది మాత్రం కనిపిస్తోంది: "టెస్ట్ 61. ఔనో కాదో, ఒక్క మాట చాలు."

లోపలేముందో తెలియదు. ఆయన నా పాత తాళం వేసి పంపారు. ఆ తాళాన్ని తెరిచే చెవి శనివారం నేనే తీసేశాను. కొత్త తాళం ముప్పైమందికి పంపాను. మూడో అడ్రసుకి లిస్టంటూ లేదు, ఉన్నది ఒక్క మనిషి. ఆ ఒక్క మనిషికే పంపడం మర్చిపోయాను.

అదే రోజు, సాయంత్రం

60 తెరుచుకోవడం లేదు. 59 కూడా. ఒకటి దాకా వెళ్ళాను. అన్నీ మూసుకుపోయాయి. కాపీ ఎక్కడా పెట్టుకోలేదు, ఇల్లు శుభ్రం చేసే ఉత్సాహంలో అది తట్టలేదు. ఆయన దగ్గర వాటన్నిటి కాపీలూ ఉంటాయి. ఆయన చెవితో అవి తెరుచుకుంటాయి. అంచేత ఏమీ పోలేదు. ఏమీ పోలేదు.

నవంబరు 12

లేని తాళంచెవికి పాస్‌వర్డు కొడుతూ కూర్చున్నాను. పిచ్చి అని తెలుసు. మామ్మ వయొలిన్ పక్కన పెట్టి వచ్చింది.

"పద్దెనిమిదిసార్లు పాడావే. స్వరం ఎక్కడా తప్పలేదు. ఏం పోయింది నీకు?"

"తాళంచెవి పోయింది మామ్మా."

"బీరువాదా?"

"ఉత్తరానిది. ఒకాయన తాళం వేసి పంపారు, తెరవలేకపోతున్నాను."

"ఏం రాశావు నాయనా అని ఆయన్నే అడగరాదూ!"

మామ్మకి ఏం తెలుసు. జూన్ ట్రైనింగ్‌లో మొదటి రోజే తిరుమలరావు గారు తన తాళంచెవి పోగొట్టుకుంటే, పాతికమంది ముందు నేనేమన్నాను? "తాళంచెవి పోగొట్టుకునేవాళ్ళకి ఇల్లెందుకండీ, ఆరుబయట ఉండొచ్చుగా" అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. "మాకు వడ్లు నూర్చే కల్లం ఉన్నాది మేడమ్, దానికి తలుపులుండవు" అన్నారు. గదంతా నవ్వింది. నేను నవ్వలేదు. అప్పుడే అయిపోయిందేమో నా పని. ఇప్పుడు ఆయనకి రాయాలా, అయ్యా, నా తాళంచెవి పోయిందని? ప్రాణం పోయినా రాయను.

నవంబరు 13

ఔనో కాదో అని ఏమడిగి ఉంటారు?

చేను చూడటానికి వస్తారా అని. (ఔను.)

నాకు రాసిన జవాబులన్నీ టెస్టులేనా అని. (కాదు. అబ్బ, ఇదైతే మాత్రం కాదు అనాలి.)

మా అమ్మని మీ ఇంటికి పంపనా అని. (ఔను ఔను ఔను.)

జగ్గమ్మ గారు వస్తే ఏ చీర కట్టుకోవాలో కూడా తీసి పెట్టాను. ఆవపువ్వు రంగుది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

నవంబరు 14, శుక్రవారం

ఆలోచించి, లెక్క ప్రకారమే నిర్ణయం తీసుకున్నాను. అరవై ఉత్తరాల్లో ఆయన నన్ను అడిగినవన్నీ గుర్తు చేసుకున్నాను. వాన పడిందా? జ్వరం తగ్గిందా? మామ్మ గారు బాగున్నారా? రేపు మళ్ళీ రాయనా? ఒక్కదానికైనా నా జవాబు 'కాదు' కాలేదు. మరి అరవై ఒకటోదానికి ఎందుకవుతుంది?

పదీ నలభైకి మూడో అడ్రసునించి పంపాను. ఒక్క మాట. "ఔను." కింద నా సంతకం, కొత్త తాళంచెవితో. పక్కన కొత్త తాళం.

నవంబరు 15

లోకం బాగుంది. ఆటోవాళ్ళు బాగున్నారు. ప్రిన్సిపాల్ గారు కూడా బాగున్నారు. మామ్మ శిష్యురాలు, ఆ రెండో క్లాసు పిల్ల, అపస్వరం పలికిస్తే దానికి ముద్దు పెట్టాను. మామ్మ నా నుదురు పట్టుకుని చూసింది.

నవంబరు 17

టెస్ట్ 62 ఇంకా రాలేదు. కోతలు మొదలై ఉంటాయి.

నవంబరు 18

ఆయన దగ్గర్నించి మెయిల్! కాలేజీ అడ్రసుకి.

"మేడమ్ గారికి, మూడవ సెమిస్టరు ప్రశ్నపత్రము అందినది."

అందినదట. 'ము'లూ 'ది'లూ పెట్టి మరీ.

నవంబరు 19

రాలేదు.

నవంబరు 20

రాలేదు. కోతలు.

నవంబరు 21, శుక్రవారం

విశాలికి చెప్పేశాను. క్యాంటీన్‌లో, ఉప్మా చల్లారిపోతుండగా, మొదటినుంచీ చెప్పాను.

"అంటే, ఏటడిగేడో తెలీకుండానే ఔనన్నావా?"

"ఆయన ఎప్పుడూ మంచి ప్రశ్నలే అడుగుతారు."

"సదువుకున్నదానివేనా నువ్వు? నీకు వేరే ఎవలైనా ఉన్నారా అని అడిగేడేమో! నన్ను వొదిలీమంటావా అని అడిగేడేమో! దానికీ ఔనేనా?"

ఉప్మా ప్లేటు పక్కకి జరిపేశాను. ఎన్ని రకాలుగా ఊహించాను! అన్నీ నాకు కావలసినవే ఊహించుకున్నాను. 'పక్కన ఉంటే బాగుండును' అని మనసు విప్పి రాసిన మనిషికి నేనిచ్చిన జవాబు 'అందింది, ధన్యవాదాలు'. ఆ తర్వాత నాలుగు రోజులు మాటాపలుకూ లేదు. అప్పుడు వచ్చింది 61.

"ఇప్పుడే ఫోన్ సెయ్యి," అంది విశాలి.

ఫోన్‌లో ఏమని చెప్పను? చెయ్యలేదు. నెంబరు తీసి చూసుకుంటూ కూర్చున్నాను. నాకు ఆ మనిషి కావాలి. ఇన్నాళ్ళూ తాళాలని, టెస్టులని నాకు నేనే కథలు చెప్పుకున్నాను. నాకు ఆ మనిషి కావాలి.

నవంబరు 24

ప్రిన్సిపాల్ గారు పిలిచారు. బుధవారం నరసన్నపేట బ్రాంచికి వెళ్ళి, ఒకటికి మించి మెయిల్ అడ్రసులున్నవాళ్ళు తాళంచెవులు ఎలా చూసుకోవాలో అక్కడి స్టాఫ్‌కి చెప్పి రావాలట. నేను! ఆ విషయం మీద!

"ట్రాన్స్‌ఫర్ కాదులే అమ్మా, ఒక్కరోజే," అన్నారు.

నవంబరు 25

చెప్పేస్తాను. చెప్పను. ఆవపువ్వు చీర కట్టుకోను. కట్టుకుంటే తప్పేముంది?

నవంబరు 27, గురువారం

నిన్నటిది రాయాలి. 

పొద్దున్నే బస్సెక్కి, శ్రీకాకుళంలో మారి, పదిన్నరకి నరసన్నపేట చేరాను. పధ్నాలుగుమంది స్టాఫ్. ముందు బెంచీలో బోటనీ మేడమ్ రాజకుమారి గారు, నేను నోరు తెరవకముందే తారీఖు వేసి గీత కొట్టుకున్నారు. వెనక బెంచీలో కిటికీ పక్కన ఆయన. ఎండకి నల్లబడ్డారు, చిక్కారు కూడా. నన్ను చూసి నమస్కారం పెట్టారు. అందరికీ పెట్టే నమస్కారం.

ఏదో చెప్పాను. ఒక్కో అడ్రసుకీ ఒక్కో తాళం పెట్టుకుంటే ఏమిటి, అన్నిటికీ ఒకటే అయితే ఏమిటి. బోర్డు మీద గీసిన తాళం గుమ్మడికాయలా వచ్చింది. ఆయన చెయ్యెత్తారు.

"ఒక డౌటు మేడమ్. ఒక మనిసి ఔనని రాసి సంతకం పెడితే, అది ఆ మనిసి మాటే అనుకోవచ్చునా?"

"సంతకం సరిపోతే ఆ మనిషి రాసినట్టే."

"మరైతే సరే," అని కూర్చున్నారు.

ఆయన అలా కూర్చోవడం నేను చూడలేకపోయాను. మార్కర్ బల్ల మీద పెట్టేశాను.

"సరే కాదు. సంతకం ఉంటే ఆ మనిషి రాసిందని అర్థం. అంతేగానీ మీ ఉత్తరం చదివిందని కాదు. నా విషయమే చెబుతాను. పాత తాళంచెవి అక్కర్లేదనుకుని తీసేశాను. ఆ తర్వాత పాత తాళంతోనే ఒక ఉత్తరం వచ్చింది. తెరవలేకపోయాను. పోగొట్టుకున్నానని చెప్పడానికి నామోషీ వేసింది. తెరవకుండానే ఔనని రాశాను."

 రాజకుమారి గారు తలెత్తి, "ఇది రాసుకోవాలా మేడమ్?" అన్నారు.

"రాసుకోండి. పాత తాళంచెవి ఎప్పుడూ పారెయ్యకూడదు. వాడకపోయినా దాచుకోవాలి. ఇన్నాళ్ళూ నేను తప్పు చెప్పాను."

ఆయన లేచి నిలబడ్డారు. "సదవనేలేదా?"

"లేదు."

"ఇంక రాయడం మానీమంటారా అని అడిగేను మేడమ్."

దానికా నేను ఔనన్నది! ఎనిమిది రోజులు గాల్లో తేలుతూ తిరిగింది దానికా! నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి.

"మానొద్దు," అన్నాను.

"ఎనక బెంచీకి ఇనబళ్ళేదు మేడమ్," అన్నారు ఎవరో. ఆయన కాదు, ఆయన పక్కనున్న మనిషి.

"మానొద్దు!" అన్నాను. గోడలకి తగిలి వచ్చింది నా గొంతు. జ్ఞానాంబ గారి మనవరాలిని, గొంతెత్తితే పై స్థాయికే పోతుంది. రాజకుమారి గారు అది కూడా రాసుకున్నారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన బస్టాండు దాకా వచ్చారు. నేనే ముందు చెప్పేశాను, దారిలోనే, అరటిపళ్ళ బండి పక్కన. మీరంటే నాకు ఇష్టం అన్నాను. ఎప్పణ్ణించి అన్నారు. కల్లానికి తలుపులుండవు అన్నప్పణ్ణించి అన్నాను. ఆయన నవ్వి, వెంటనే మొహం చిన్నబుచ్చుకున్నారు.

"నేనూ ఒక తప్పు సేసేను. మీరు ఔనన్నారు గదా. వాడని సెవి ఉంచుకోకూడదన్నది మీరే. నా టెస్టుల సెవి ఆ రోజే తీసీసేను."

"అంటే... మీరు రాసినవి?"

"తెరుచుకోవు."

"నేను రాసినవి?"

"అవీ తెరుచుకోవు. ఇంక ఎవలికీ తెరుచుకోవు."

బస్టాండు బెంచీ మీద కూలబడ్డాను. ఆయనవి అరవై ఒకటి, నావీ ఇంచుమించు అన్నే, అయిదు నెలలు. పిచ్చుకలు, జ్వరం, జగ్గమ్మ గారి తిట్లు, ఒకటిన్నర పేజీలు. అవన్నీ అలాగే ఉన్నాయి, రెండు కంప్యూటర్లలో, పదిలంగా. ప్రపంచంలో ఎవరూ చదవలేరు. పంతులమ్మ చెప్పిన పాఠం అంత శ్రద్ధగా విన్న శిష్యుడు ఈయనొక్కడే! కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆయన పక్కన కూర్చున్నారు. మధ్యలో నా హ్యాండ్‌బ్యాగు. "మొదటిది నాకు గుర్తున్నాది," అన్నారు. "ఇది పరీక్ష సందేశం, అందినచో తెలుపగలరు, అని రాసేరు."

"మీరు, అందింది మేడమ్, ఇక్కడ వాన కూడా అందింది, అని రాశారు."

"రెండోదాంట్లో మీ మామ్మ గారి తీగ తెగిపోనాది."

"మూడోదాంట్లో మీ అమ్మగారు నాట్లకి వచ్చినవాళ్ళతో గొడవపడ్డారు."

శ్రీకాకుళం బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఇంకోటి వచ్చింది. కండక్టరు దిగి, "ఎక్కుతారా నేదా, రెండుసార్లు సూసేను మిమ్మల్ని" అన్నాడు. మేము అప్పుడు ఏడులో ఉన్నాం. ఇంతలో జగ్గమ్మ గారి ఫోన్. ఇవతలికే వినిపించే గొంతు. "ఒరే, నూర్పుడికి మనుసులొచ్చీసినారు, ఏడున్నావురా?"

"బస్టాండులో ఉన్నానమ్మా, ఎనిమిదో దాంట్లోకి వచ్చేం," అన్నారు.

"ఎనిమిదో బస్సేట్రా?" అని ఆవిడ కేకలేస్తుండగానే ఫోన్ జేబులో పెట్టేసుకున్నారు.

పన్నెండు దగ్గరికి వచ్చేసరికి ఆయన బస్టాండు రేకుల వైపు చూస్తూ, నెమ్మదిగా అన్నారు. "పన్నెండులో మీరు రాసేరు. ఈ టెస్టులు ఎప్పటికీ అయిపోకపోతే బాగుణ్ణు అని. అది సదివే నేను గట్టు మీద మాట రాసేను, ధైర్యం సేసి."

నేను రాయలేదు. పన్నెండు నాకు అక్షరం అక్షరం గుర్తుంది. జూలై నెల, ప్రింటర్ చెడిపోయిందని, విశాలి గొడుగు పోయిందని రాశాను. ఆ మాట ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు గానీ, ఎప్పుడూ రాయలేదు. ఆయనకి ఎలా వచ్చిందో మరి. తీసి చూపించడానికి ఉత్తరం లేదు. ఆయనదీ తెరుచుకోదు, నాదీ తెరుచుకోదు.

"ఔను, రాశాను," అన్నాను.